బ్యాకప్ ఉంది సరే, తిరిగి తెరుచుకుంటుందా?

ప్రశ్న: మా పొదుపు సంఘం లెక్కలన్నీ కింది అంతస్తులోని ఒకే సర్వర్‌లో ఉన్నాయి. రోజూ రాత్రి దానికే తగిలించి ఉంచిన హార్డ్‌డిస్క్‌లోకి బ్యాకప్ దానంతట అదే వెళ్తుంది. 2024 సెప్టెంబరు నాటి బుడమేరు వరద మా వీధికి రాలేదు గానీ, వచ్చి ఉంటే ఏమయ్యేదని పాలకవర్గంలో చర్చ మొదలైంది. ఇంకేం చేయాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వరద వచ్చి ఉంటే సర్వరూ, హార్డ్‌డిస్కూ కలిసే మునిగేవి. వరద దాకా ఎందుకు, రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసే హానికర ప్రోగ్రామ్, చొరబడితే తగిలించి ఉన్న డిస్క్‌లోని ఫైళ్లు కూడా పనికిరాకుండా పోతాయి. అందుకే రెండో డిస్క్ కొని వారానికొకసారి మార్చుకుంటూ, ఒకటి ఎప్పుడూ బ్యాంకు లాకర్‌లో ఉండేలా చూడండి. మరో ప్రతిని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలోకి మార్చి, వేరే నగరంలో డేటా సెంటర్ ఉన్న క్లౌడ్‌లో దాచండి. దాని పాస్‌వర్డ్‌ను అదే సర్వర్‌లో రాసిపెట్టుకునేవారూ ఉంటారు, బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టినట్టు.

అయితే ఎంత తరచుగా బ్యాకప్ తీయాలన్నది పాలకవర్గమే తేల్చాలి. సాయంత్రం ఆరింటికి సర్వర్ పాడైతే ఆ రోజు జమలన్నీ పోతాయి. రశీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు ఉంటే మళ్లీ ఎక్కించుకోవచ్చు. వసూళ్లు ఫోన్‌లోనే జరుగుతుంటే మాత్రం గంటకొకసారైనా ప్రతి తీయక తప్పదు.

అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది, బ్యాకప్ తిరిగి తెరుచుకుంటుందా లేదా అన్న పరీక్ష. 2017 జనవరి 31న సాఫ్ట్‌వేర్ కోడ్ దాచుకునే సేవ అందించే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. రోజువారీ బ్యాకప్ ఉండవలసిన చోట చూస్తే ఏమీ లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రామ్‌కూ డేటాబేస్‌కూ మధ్య వెర్షన్ తేడా వల్ల అది విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి తెలిపే ఈమెయిళ్లు తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ప్రతి ఒకటి ఉండబట్టి ఆ మాత్రమైనా దక్కింది.

కాబట్టి మూడు నెలలకొకసారి, సర్వర్‌ను ముట్టుకోకుండా, వేరే కంప్యూటర్‌లోకి బ్యాకప్‌ను ఎక్కించి, నలుగురైదుగురు సభ్యుల ఖాతాలు తెరిచి పాస్‌బుక్కులతో సరిచూడండి. మొదలుపెట్టిన వేళ, ముగిసిన వేళ రాసుకోండి. సర్వర్ పాడైతే కౌంటర్ కనీసం ఎంతసేపు మూతపడుతుందో అప్పుడు తెలుస్తుంది. ఈ పనిని బ్యాకప్ ఏర్పాటు చేసిన వ్యక్తి కాకుండా మరొకరు, అతను రాసిచ్చిన కాగితం చూసి మాత్రమే చేయాలి. ఎక్కడ ఆగిపోయారో ఆ కాగితంలో అక్కడ దిద్దించండి.