దేవుని కోసం ఆకలి చల్లారిపోయిందా?

వందనాలు బ్రదర్. ఆరాధనలో అందరూ కన్నీళ్లు పెట్టుకుంటుంటే మీకేమీ అనిపించడం లేదని, దేవుని మీద ఆకలి పోయిందేమోనని భయంగా ఉందని రాశారు. నిజంగా ఆ ఆకలి పోయినవాళ్లకు ఈ దిగులు ఉండదండీ. 42వ కీర్తనలో దుప్పిలా ఆశపడిన మనిషి మందిరంలో లేడు. ఎక్కడో యొర్దాను ప్రదేశంలో ఉండి, జనంతో కలిసి పండుగకు వెళ్లిన రోజులు తలచుకుని ఏడుస్తున్నాడు.

నా సంగతి చెబుతాను. వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో ఒక రొయ్యల వ్యాపారి దగ్గర కాటా పక్కన కూర్చుని లెక్కలు రాసే పనిలో చేరాను. ఆ రోజుల్లో నా ప్రార్థన ఎండిపోయి ఉండేది. ఉపవాసమున్నా, కూటాలకు వెళ్లినా అంతే. అక్కడ బుట్టలో నీళ్ల బరువని చెప్పి తూకంలో తరుగు తీసేవారు. నీళ్లన్నీ కారిపోయిన బుట్టకూ అదే తరుగు. సరుకు తెచ్చిన అమ్మలు కాటా మీద అంకె చూసి, తర్వాత నా పెన్ను వైపు చూసేవారు. అడ్వాన్సు తీసుకున్నారు కాబట్టి నోరు మెదపలేరు.

"దొంగత్రాసు యెహోవాకు హేయము" అన్న వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు. "బాబూ, నీళ్లు కారిపోయిన బుట్టకు నేను తరుగు రాయలేను" అని వ్యాపారితో చెప్పేశాను. ఆయన నన్ను ఐసు లెక్కలకు మార్చి, కాటా దగ్గర వేరే మనిషిని పెట్టాడు. తరుగు ఆగలేదు. కానీ ఆ రాత్రి మోకరిస్తే మాటలు వాటంతటవే వచ్చాయి: ప్రభువా, వాళ్ల కష్టం వాళ్లకు దక్కనివ్వు.

"నీతికొరకు ఆకలిదప్పులు గలవారు ధన్యులు" అని ప్రభువు చెప్పింది ఇలాంటి ఆకలి గురించి కూడా. కూటాల్లో మనం ఆవేశం కోసం అడిగినంతగా దీనికోసం అడగం. నాకు అదే బాధ. వాళ్లు తృప్తిపరచబడుదురని ఆయన మాట ఇచ్చాడు, ఎప్పుడో చెప్పలేదు. 1805లో మన విశాఖకే వచ్చిన మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ సువార్తలను తెలుగులోకి తేవడానికి కష్టపడ్డారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో.

కన్నీళ్ల కోసం ఎదురుచూడకండి. మీ ఇంట్లోనో, ఆఫీసులోనో మీరు చూసి ఊరుకోలేని అన్యాయం ఏదో ఉంటుంది. దాన్నే ప్రార్థనలో పెట్టండి. 42, 43 కీర్తనలు కలిపి చదవండి. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని ఆ మనిషి మూడుసార్లు అడుగుతాడు, ఒక్కసారితో దిగులు తీరలేదు కాబట్టి.