మట్టిలో మందు వెతకాలంటే కెమిస్ట్రీని వదలొద్దు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. పత్తి, మిర్చి వేస్తాం. మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీతో రెండో ఏడాది చదువుతోంది. మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి కొత్త మందులు కనిపెట్టే పరిశోధన చేస్తానంటోంది. ఏం చదవాలి? ఎన్నేళ్లు పడుతుంది? మధ్యలో చేతికి డబ్బులొస్తాయా?
– ఒక తండ్రి

జవాబు: తొలకరికి మీ చెలకలోంచి వచ్చే మట్టి వాసన జియోస్మిన్ అనే పదార్థానిది. దాన్ని తయారుచేసే వాటిలో ముఖ్యమైనవి స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా. 1943లో క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది వీటిలోనే. మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి సారథ్యం వహించిన అమెరికా మందుల సంస్థ లెడర్లీ నుంచి 1948లో వచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా వీటి పుణ్యమే. కాబట్టి అమ్మాయి ఎంచుకున్న దారి గాలివాటు కాదు. కాకపోతే అప్పటి పద్ధతి ఇప్పుడు చాలదు.

సూక్ష్మజీవిని పట్టడం కష్టమేమీ కాదు, కాలేజీ ల్యాబ్‌లోనే అవుతుంది. జానెడు లోతు నుంచి తీసిన మట్టిని కొన్ని రోజులు నీడన ఆరబెట్టి, ఒక గ్రామును 9 మి.లీ. సెలైన్‌లో కలిపి, పదేసి రెట్లు పలచన చేసుకుంటూ స్టార్చ్ కేసిన్ అగార్ (సూక్ష్మజీవులను పెంచే గట్టి ఆహారం) మీద పరుస్తారు. బూజు రాకుండా సైక్లోహెక్సిమైడ్ కలుపుతారు. 28 డిగ్రీల దగ్గర 7 నుంచి 14 రోజులు ఉంచితే సుద్దపొడి చల్లినట్టున్న కాలనీలు వస్తాయి. లూప్‌తో గీకినా తేలిగ్గా ఊడవు, అగార్‌లోకి వేళ్లూనినట్టు ఉంటాయి. (పాకాల అడవి మట్టి కావాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. మొదటి ప్రయత్నానికి మీ పత్తి చేను చాలు.)

తిప్పలు మొదలయ్యేది ఆ తర్వాతే. పెంచిన ద్రవం నుంచి ఇథైల్ అసిటేట్ అనే సాల్వెంట్ (కరిగించే ద్రవం)తో సారం తీసి, చిన్న కాగితపు డిస్క్ మీద వేసి, దాన్ని బ్యాక్టీరియా పరిచిన ప్లేట్‌లో పెట్టి, చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం కనిపించగానే చాలామంది మందు దొరికిందనుకుంటారు. సాల్వెంట్ పూర్తిగా ఆరకపోయినా వలయం వస్తుంది. అందుకే ఒట్టి సాల్వెంట్ వేసి ఆరబెట్టిన డిస్క్‌ను కూడా అదే ప్లేట్‌లో పెట్టాలి. వలయం నిజమైనదే అయినా, అందులో ఉన్నది ఎక్కువసార్లు ఎప్పుడో తెలిసిన పదార్థమే అవుతుంది. అది పాతదా కొత్తదా అని మాస్ స్పెక్ట్రమ్‌తో (అణువుల బరువు కొలిచే పరీక్షతో) మొదట్లోనే తేల్చుకోకపోతే రెండేళ్లు వృథా. కొత్తదే అయితే, లీటరు కల్చర్ నుంచి కొన్ని మిల్లీగ్రాములే దొరకొచ్చు. వాటితోనే ఎన్‌ఎంఆర్ (అణువులో పరమాణువుల అమరిక తెలిపే యంత్రం) మీద నిర్మాణం తేల్చాలి. ఇక్కడ మైక్రోబయాలజీ ఒక్కటే వచ్చినవాళ్లు ఆగిపోతారు.

ఈ పరిశోధనలో రెండో సగం జన్యువులది. 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే జాతి జీనోమ్ (మొత్తం జన్యువుల చిట్టా) చదివితే, ఇలాంటి పదార్థాలను తయారుచేసే జన్యు గుంపులు ఇరవైకి పైగా కనిపించాయి. అంతకుముందు దాని నుంచి తెలిసినవి కొన్నే. మిగతావి మామూలు పెంపకంలో నిద్రపోతుంటాయి. వాటిని లేపడమే బయోసింథసిస్ (జీవులు పదార్థాలను తయారుచేసే తీరు) పరిశోధకుల పనిలో పెద్ద వాటా. అమ్మాయికి ఇది నచ్చుతుందో లేదో ఇప్పుడే తెలుసుకోవచ్చు. యాంటీస్మాష్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో ఏఎల్645882 నంబరు ఇస్తే ఆ జీనోమ్‌లోని గుంపులన్నీ బొమ్మలుగా చూపిస్తుంది. వాటిని చూస్తూ గంటసేపు కదలకుండా కూర్చుందంటే సగం జవాబు మీకు దొరికినట్టే.

ఎమ్మెస్సీకి నా ఓటు ఆర్గానిక్ కెమిస్ట్రీకి. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ కూడా పనికొస్తాయి, కానీ అప్పుడు స్పెక్ట్రోస్కోపీ (ఎన్‌ఎంఆర్ లాంటి పరీక్షలతో నిర్మాణం తేల్చే విద్య) విడిగా నేర్చుకోవాలి. కాకతీయ, ఉస్మానియాల్లో సీటుకు సీపీగెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఐఐటీలకు, ఎన్‌ఐటీలకు ఫిబ్రవరిలో జామ్ ప్రవేశ పరీక్ష ఉంటుంది. కెమిస్ట్రీ సీటుకు కొన్నిచోట్ల ఇంటర్‌లో మ్యాథ్స్ అడుగుతారు. బైపీసీ నుంచి వచ్చిన అమ్మాయైతే ఫీజు కట్టకముందే అర్హత చూసుకోండి.

తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన భృతి) తెచ్చుకుంటే, 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె అదనం. పీహెచ్‌డీకి అయిదారేళ్లు, ఆపై పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన). అంటే స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటుతుంది. పెళ్లి మాట మధ్యలో తప్పక వస్తుంది కాబట్టి ఈ లెక్క ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. కొత్త యాంటీబయాటిక్స్ మీద పెద్ద కంపెనీలకు మోజు తగ్గింది, లాభం తక్కువ. ఉద్యోగాలు ఎక్కువగా ఫర్మెంటేషన్, ఎంజైములు, పంటలకు వాడే జీవ మందుల వైపు ఉన్నాయి. ఎమ్మెస్సీతోనే ఆగాల్సి వచ్చినా హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా, టీకా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్‌లో చేరొచ్చు. మొదట్లో జీతం తక్కువే.

పీహెచ్‌డీకి గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆ ల్యాబ్ గత మూడేళ్ల పేపర్లు తీసి చూడాలి. వలయాల కొలతలే తప్ప పదార్థాల నిర్మాణాలు లేకపోతే అక్కడ చేరొద్దు. అక్కడి విద్యార్థులను ఒక్క మాట అడగమనండి: దొరికిన స్ట్రెయిన్‌ను (సూక్ష్మజీవి రకాన్ని) మొదటి వారంలోనే 20 శాతం గ్లిజరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాస్తారా? పదేపదే ప్లేట్ మారుస్తూ పోతే స్ట్రెప్టోమైసిస్ జన్యువులు కొన్ని పోగొట్టుకుని, మందు తయారుచేయడమే మానేయొచ్చు. దాచిన సీసా లేకపోతే మళ్లీ మట్టి దగ్గర నుంచే మొదలు.