అమర్పు వేరు, అమరిక వేరు

సందేహం: కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 లేదా డిలీట్ మీట నొక్కితే బయోస్ (యంత్రాన్ని మొదట మేల్కొలిపే ప్రోగ్రామ్) సెటప్ తెరుచుకుంటుంది. తేదీ, సమయం, బూట్ క్రమం (ఏ డిస్కు నుంచి ముందు మొదలవ్వాలన్న వరస) అక్కడ మారుస్తాం. విద్యార్థుల కోసం దీని మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘అమరిక’ అనాలా, ‘అమర్పు’ అనాలా? ‘సెట్టింగ్స్‌లు’ అని రాయవచ్చా?

సమాధానం: రెండూ చక్కని తెలుగు మాటలే. అయితే ఒకదాని చోట మరొకటి ఒదగదు. ‘అమరు’ అకర్మక క్రియ. దాని నుంచి వచ్చింది అమరిక. ‘అమర్చు’ సకర్మకం, దాని నుంచి అమర్పు. చేరు–చేరిక, చేర్చు–చేర్పు అన్న జంటలను పక్కన పెట్టి చూడండి, దారి ఒక్కటే. తీరిక, తీర్పు కూడా ఈ కుటుంబంలోవే, అర్థాలు ఎంత దూరం జరిగినా. కాబట్టి మనం చేసే పని అమర్పు, చేశాక యంత్రంలో కుదురుకొని ఉండేది అమరిక.

మీ పాఠ్యాంశమే ఈ తేడాను బాగా చూపిస్తుంది. 1981 నాటి ఐబీఎం పీసీలో మదర్‌బోర్డు మీది చిన్న చిన్న స్విచ్‌లను జరిపి యంత్రం వివరాలను అమర్చేవారు. 1984లో వచ్చిన పీసీ ఏటీ ఆ వివరాలను బ్యాటరీ సాయంతో నిలిచే సీమాస్ అనే చిన్న మెమరీలో దాచింది. విద్యుత్తు ఆపేసినా ఆ బ్యాటరీ కాపాడేది అమరికలనే. బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, మళ్లీ అమర్పు మొదలు. మీరు తెరపై ఎన్ని మార్పులు చేసినా సేవ్ చేయకుండా బయటికి వస్తే అమర్పు జరిగినట్టే గానీ అమరిక మారదు. విద్యార్థులకు ఈ ఉదాహరణే చెప్పండి, వ్యాకరణమూ యంత్రమూ కలిసి అర్థమవుతాయి.

‘సెట్టింగ్స్‌లు’ మాత్రం ముమ్మాటికీ తప్పు. ఆ ‘స్’ ఇంగ్లీషు బహువచనం, ‘లు’ మనది. ఒకే మాటకు రెండు బహువచనాలు ఎందుకు? మార్క్స్‌లు అనం, మార్కులు అంటాం. అలాగే సెట్టింగులు. నాకైతే ‘అమరికలు’ ఇంకా ఇష్టం.

ఆ తెర పేరును మాత్రం ‘సెటప్’ అనే ఉంచండి. విద్యార్థికి ఎదురుగా కనిపించే అక్షరాలు అవే, పుస్తకంలో మరో పేరుంటే వెతుక్కుంటాడు. ‘సెటప్‌లోకి వెళ్లి బూట్ అమరికలు మార్చండి’ అంటే చాలు. బూట్‌ను అనువదించే ప్రయత్నం కూడా వద్దు. అది కాలి బూటు నుంచి వచ్చినదే: బూటు వెనక ఉండే పట్టీని పట్టి తనను తానే పైకి లాగుకోవడం అన్న ఇంగ్లీషు నుడికారం దాని మూలం. ఆ బొమ్మ తెలుగులో లేదు.