మర్రిచెట్టుకు శుభలేఖ, మైకులో బాపు పేరు

ప్రశ్న: నాన్న పోయి రెండేళ్లయింది. ఆయనకు చెట్లంటే ప్రాణం. వచ్చే మే నెలలో హైదరాబాద్‌లో నా పెళ్లి. ప్రకృతి థీమ్‌తో, నాన్నను తలుచుకునేలా చేసుకోవాలని ఉంది. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మా బాపు 2020 ఆగస్టులో పోయాడు. నా లగ్గం 2022 మేలో. అంటే మీ లెక్కా నా లెక్కా ఒకటే. అందుకని మీకు సలహా చెప్పే హక్కు ఇంకెవరికన్నా నాకే ఎక్కువ ఉందనుకుని రాస్తున్నాను.

ముందుగా ఒకటి. డెకరేటర్ దగ్గరికి వెళ్లి 'నేచర్ థీమ్' అనే మాట అనకండి. నేను అన్నాను. ఆయన ట్యాబ్ తీసి వరుసగా ఫొటోలు చూపించాడు. ప్లాస్టిక్ గడ్డితో గోడ, ప్లాస్టిక్ తీగలు, మధ్యలో థర్మాకోల్ నెమలి. 3 లక్షల 80 వేలు. నిజం పూలు ఉండవా అంటే "ఉంటాయి మేడం, ముందు వరుసలో" అన్నాడు. ఆ ముందు వరుస పూలను గుచ్చేది ఆకుపచ్చ స్పాంజ్ ఇటుకల్లో. నీళ్లు పట్టి ఉంచి పూలు వాడకుండా చూస్తాయి, నిజమే. కానీ ఆ ఇటుక కూడా ప్లాస్టిక్కే. చేత్తో నలిపితే పొడిపొడి అవుతుంది తప్ప మట్టిలో కలవదు. నా లగ్గమైన రెండు నెలలకు, జులై 1 నుంచి, అలంకరణకు థర్మాకోల్ వాడటాన్ని కేంద్రం నిషేధించింది. ఆ తర్వాత నేను వెళ్లిన పెళ్లిళ్లలో సగం చోట్ల తెల్ల నెమళ్లు అలాగే నిలబడి ఉన్నాయి. వాటికి ఆ ఉత్తర్వు ఎవరూ చదివి వినిపించలేదేమో.

మా బాపు ఆర్టీసీ డ్రైవర్. మెహిదీపట్నం నుంచి పరిగి వైపు చాలా ఏళ్లు బండి నడిపాడు. ఆ రోడ్డు మీకు తెలిసే ఉంటుంది. అప్పా జంక్షన్ దాటాక మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, రెండు పక్కలా 900 దాకా మర్రిచెట్లు ఉండేవి. రోడ్డు వెడల్పు చేయాలంటే అవి పోవాలన్నారు, పోనివ్వమని కొందరు ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. బాపు కేసుల జోలికి పోయే మనిషి కాదు గానీ, ఇంట్లో టీవీలో ఆ చెట్ల వార్త వస్తే అన్నం కంచం పక్కన పెట్టి వినేవాడు. "ఎండాకాలం అప్పా దాటినంక ఇంజన్ కూడ ఊపిరి తీస్కుంటది" అనేవాడు. చేవెళ్ల దగ్గర ఒక మర్రి కింద చాయ్ బండి ఉండేది. ఇంట్లో అమ్మ చక్కెర బంద్ పెట్టాక ఈయన చక్కెర చాయ్ తాగిన చోటు అదే. ఆ సంగతి మాకు ఆయన పోయాక డిపో వాళ్లు చెప్పారు.

శుభలేఖ మొదటిది దేవుడి దగ్గర పెడతాం కదా, రెండోది ఆ మర్రి దగ్గర పెడదామని నేనే అన్నాను. చిన్నాయన ఏమీ అనకుండా కారు తీశాడు. కార్డుకు నాలుగు మూలలా పసుపు పెట్టి, ఊడల మధ్య పెట్టి, దండం పెట్టుకున్నాం. నాకు ఏడుపొచ్చింది. మేం కారు తిప్పుకునేలోపు ఒక మేక వచ్చి ఆ కార్డును శుభ్రంగా తినేసింది. చిన్నాయన నవ్వాపుకోలేక స్టీరింగ్ మీద తల పెట్టాడు. "ముట్టింది బిడ్డా, మీ బాపుకు ముట్టింది" అన్నాడు. మీరు కూడా ఇలాంటిది ఏదన్నా చేస్తే బట్టతో చేసిన కార్డు తీసుకెళ్లకండి, మేకకు అరగదు.

పూల సంగతి. నా మొండి కోరిక ఏంటంటే స్టేజి వెనక పెద్ద బతుకమ్మ లాగా తంగేడు, గునుగు వరుసలుగా పేర్చాలని. తంగేడు మన రాష్ట్ర పుష్పం కదా, పైగా ప్రతి ఏడూ బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాడు బాపు డ్యూటీ నుంచి వస్తూ బస్సులో కట్టలు కట్టలు తెచ్చేవాడు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోయి మే నెలలో తంగేడు, గునుగు కావాలంటే అక్కడి పెద్దావిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "బతుకమ్మకు రా బిడ్డా, ఇస్త" అంది. అంతే. ప్రకృతి అని నోటితో అంటాం గానీ నెలలు చూసుకోం. మే నెలలో దొరికేవి మల్లెలు, సన్నజాజులు, లిల్లీలు. బంతి దొరుకుతుంది కానీ దసరా నాటి బంతి కాదు, చిన్న పువ్వు, పెద్ద ధర. నగరంలో ఆ నెలంతా రేల పూలు పసుపుపచ్చగా వేలాడుతుంటాయి చూడండి, అదే మన థీమ్. మాకు రేల కొమ్మలు చిన్నాయన స్నేహితుడి పొలంలో దొరికాయి. తెల్లారుజామున కోసి కట్టాం, సాయంత్రానికి సగం రాలి కింద పచ్చటి చాప పరిచినట్టయింది. ఫొటోగ్రాఫర్ దాన్ని ఊడ్పించబోయాడు, నేను అరిచాను.

ఉత్తరాలు, లెక్కలు, బుకింగ్‌లు అన్నీ మీకు ఎవరో ఒకరు చెప్తారు, నేను చెప్పను. రెండే మాటలు. మేలో ఆరుబయట అయితే ముహూర్తం పొద్దున 9 లోపు పెట్టించుకోండి. సాయంత్రం పెట్టుకుంటే గాలివాన మీ పందిరిని మీకన్నా ముందే అత్తారింటికి పంపిస్తుంది. రెండోది, రిటర్న్ గిఫ్ట్‌గా మొక్కలు ఇవ్వకండి. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాడికి వేప మొక్క ఇస్తే ఏం చేస్తాడు? మా పక్కింటి వాళ్లు ఒక పెళ్లిలో ఇచ్చిన మొక్కను లిఫ్ట్ పక్కన పెట్టి, అది ఎండిపోయేదాకా రోజూ దాన్ని దాటుకుంటూ పోయారు. దాని బదులు భోజనాలు మోదుగాకు విస్తట్లో పెట్టండి. విస్తరాకు బొమ్మ ముద్రించిన పేపర్ ప్లేట్లు కూడా వచ్చాయి ఈ మధ్య. వాటిని కనిపెట్టిన వాడెవడో నాకు తెలియదు, తెలిస్తే మాట్లాడేది ఉంది.

మా లగ్గం మొయినాబాద్ అవతల ఒక తోటలో. మామిడి చెట్లు, మధ్యలో పెద్ద చింతచెట్టు. పందిరి దాని నీడలోనే వేద్దామంటే పెద్దనాయన లేచాడు. "చింతచెట్టు కింద లగ్గమా? దయ్యాలుంటయి." అప్పుడు చిన్నాయన బాపు చెప్పే కథ తీశాడు. బాపు సిటీ బస్సు నడిపే రోజుల్లో అఫ్జల్‌గంజ్ దాటినప్పుడల్లా మాకు ఒక చింతచెట్టు చూపించేవాడు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరంతా కొట్టుకుపోతుంటే, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. ఆ వరద మళ్లీ రాకూడదనే ఆ తర్వాత గండిపేట చెరువు కట్టారు. "నూట యాభై మందిని బతికించిన జాతి అన్నా అది, దయ్యముంటే అప్పుడే దిగి పారిపోయి ఉంటది" అన్నాడు చిన్నాయన. పెద్దనాయన ఒప్పుకోలేదు గానీ ఊరుకున్నాడు. ఆయన దృష్టంతా అసలు గొడవ మీద ఉంది.

అసలు గొడవ అమ్మ. మీ ప్రశ్నలో మీ అమ్మగారి ప్రస్తావన లేదు. ఉన్నారో లేదో నాకు తెలియదు. ఉంటే పూల కన్నా ముందు ఆ సంగతి తేల్చుకోండి.

లగ్గం ముందు చేసే మైలపోలు నాటి నుంచే మొదలైంది. పసుపు దంచేటప్పుడు ముత్తైదువలు ఐదుగురు, అమ్మ వంటింట్లో. కుమ్మరింటి నుంచి పెళ్లికి వాడే ఐరేణి కుండలు బ్యాండుతో వచ్చాయి, అమ్మ తలుపు చాటున. ఎవరూ పొమ్మనలేదు, అదే చిత్రం. ఆమే తప్పుకుంది. బాపు కోసం రేల పూలు, బాపు కోసం చింతచెట్టు, బాపు కోసం డ్రైవర్లందరికీ పిలుపు. బాపుతో 29 ఏళ్లు కాపురం చేసిన మనిషి మాత్రం వంటింట్లో ఉల్లిగడ్డలు లెక్క పెడుతోంది. నాకు చాలా కోపం వచ్చింది. కాళ్లు కడిగి కన్యాదానం చేసేది చిన్నాయన, చిన్నమ్మ అని పెద్దనాయన అప్పటికే తేల్చేశాడు. అమ్మ పీటల మీద ఉంటేనే నేను వస్తానని అన్నాను. ముందు రోజు రాత్రి ఇది. టెన్షన్‌తో ఎవరూ అన్నం తినలేదు.

పంతులు గారిని పిలిచారు. ఆయన నన్ను తిడతాడనుకున్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, యాజ్ఞవల్క్య స్మృతిలో కన్యను ఇచ్చేవారి వరుస ఉందని శ్లోకం చదివాడు. తండ్రి, తాత, అన్నదమ్ములు, దాయాదులు, తల్లి. ముందు చెప్పినవారు లేకపోతే తర్వాతివారు.

"చూసినవా, తల్లి ఆఖరు" అన్నాడు పెద్దనాయన.

"ఆఖరైనా ఉంది కదా పెద్దనాయనా. దాంట్ల ఎక్కడన్నా వితంతువు కూసోవద్దని రాసుందా?"

రాసుందో లేదో నేను చదవలేదు. అయినా గట్టిగా అన్నాను. పంతులు గారు కాదనలేదు, అవుననీ అనలేదు. కాదన్నది అమ్మ ఒక్కతే. "నాకెందుకు బిడ్డా, నలుగురు ఏమంటరు" అని వంటింట్లోకి పోయింది. మనం లోకంతో పోట్లాడదామని లేస్తాం, ఆ లోకం మన వంటింట్లోనే కూర్చుని ఉంటుంది.

పొద్దున్నే చిన్నాయన పోయి అమ్మ ముందు నిలబడ్డాడట. "వదినె, అన్న పీట మీద నేనొక్కణ్నే ఎట్ల కూసుంట? నువ్వు నీళ్లు పొయ్యి, నేను కాళ్లు కడుగుత." అది నా పంతం కన్నా బాగా పని చేసింది. అమ్మ ఆకుపచ్చ అంచు చీర కట్టుకుని వచ్చి చిన్నమ్మ పక్కన కూర్చుంది. పూర్తిగా పీట మీద కాదు, సగం పీట మీద, సగం చాప మీద. చెంబు మాత్రం ఆమె చేతిలోనే ఉంది.

కన్యాదానంలో గోత్రం, ముత్తాత పేరు, తాత పేరు, తండ్రి పేరు మూడుసార్లు చదువుతారు కదా. పంతులు గారు ముత్తాత, తాత పేర్లు పెద్దనాయనను అడిగారు. తండ్రి పేరు దగ్గర పెద్దనాయన నోరు తెరిచేలోగా చెయ్యెత్తి ఆపారు. "అమ్మనే చెప్పనీయండి."

మా ఇళ్లలో ఆడవాళ్లు భర్త పేరు చెప్పరు. అమ్మ జీవితమంతా 'పిల్లల బాపు', 'మా ఇంటాయన' అనే అంది. రేషన్ షాపులో కూడా పక్కవాళ్లతో చెప్పించేది. నాకు అప్పటికి 27 ఏళ్లు, ఆమె నోట ఆ పేరు ఒక్కసారి కూడా వినలేదు. అమ్మ నా వైపు చూసింది, చెంబు వైపు చూసింది. మైకు పెదాల దగ్గర ఉంది. చాలా మెల్లగా చెప్పింది. పంతులు గారికి వినపడలేదో, వినపడనట్టు నటించారో, "ఇంకొక్కసారి అమ్మా" అన్నారు.

ఈసారి తోటంతా వినపడేలా చెప్పింది. ఉట్టి పేరు కాదు, ముందు 'డ్రైవర్' అని చేర్చి చెప్పింది, లంగర్‌హౌస్‌లో మా గల్లీ అంతా పిలిచినట్టు. పంతులు గారు ఒక్క క్షణం ఆగి, సంస్కృతంలో ఆ పేరు మూడుసార్లు చదివారు, మూడుసార్లూ డ్రైవర్‌తో సహా. వెనక వరుసల్లో డిపో వాళ్లు కూర్చున్నారు. ఇద్దరు డ్యూటీ దిగి నేరుగా వచ్చారు, ఖాకీ బట్టల్లోనే. 2020లో బాపు పోయినప్పుడు పాడె మోయడానికి కూడా మనుషులు కరువైన రోజులు, వీళ్లెవరూ రాలేకపోయారు. ఆ పేరు వినపడగానే వాళ్లలో ఒకాయన లేచి నిలబడ్డాడు. తర్వాత అందరూ. బ్యాండు వాళ్లకు అర్థం కాక వాయించబోయి ఆగారు. నేను తల దించుకుని ఉన్నాను కాబట్టి ఇదంతా తర్వాత వీడియోలో చూశాను. నాకు ఆ నిమిషం కనపడింది అమ్మ చెయ్యి ఒక్కటే, చెంబులో నీళ్లు వణుకుతూ.

కాబట్టి థీమ్ గురించి మీకు నేను చెప్పగలిగింది ఇంతే. దాని మీద ఖర్చు పెట్టబోయే డబ్బులో కొంత మంచి మైకు మీద పెట్టండి.

ఫొటో సంగతి అడగలేదు గానీ రేపు అడుగుతారు, అందుకని చెప్తున్నాను. స్టేజి మీద కుర్చీలో ఫొటో పెట్టి దండ వేయకండి, వచ్చిన ప్రతివాడూ అక్షింతలు వేసే ముందు మొహం మార్చుకుంటాడు. మేం భోజనాల దగ్గర పెట్టాం, చెట్టు మొదట్లో చిన్న స్టూలు మీద. స్టీరింగ్ ముందు కూర్చుని నవ్వుతున్న ఫొటో. దండ లేదు. డిపో వాళ్ల బంతి లేచాక చూస్తే ఫొటో ముందు ఎవరో చాయ్ గ్లాసు పెట్టి వెళ్లారు. అమ్మ దగ్గరికి పోయి కొంచెం నోట్లో పోసుకుని చూసింది. "చక్కెర ఏసిండ్రు" అని గ్లాసు తీసేసింది.