జెస్సీ ఒరోస్కో 46 ఏళ్ల వయసు దాకా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఎలా నిలిచాడు?

తక్కువ బంతులు వేసి. ఈ ఎడమచేతి రిలీఫ్ పిచ్చర్ (మ్యాచ్ మధ్యలో దిగి బంతులు వేసేవాడు) 1979లో న్యూయార్క్ మెట్స్‌తో మొదలుపెట్టి 2003 వరకు 1,252 మ్యాచ్‌ల్లో దిగాడు, అదే రికార్డు. వేసిన ఇన్నింగ్స్ (మూడు అవుట్లు తీస్తే ఒకటి; మ్యాచ్‌కు మామూలుగా తొమ్మిది) మాత్రం దాదాపు 1,295, అంటే మ్యాచ్‌కు ఇంచుమించు ఒకటి.

మొదట్లో క్లోజర్, అంటే ఆధిక్యం కాపాడుతూ మ్యాచ్ ముగించే పిచ్చర్. 1986 వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్ పోరు) చివరి అవుట్ తీసింది ఆయనే. వయసు పెరిగాక పని కుదించుకుంది: ఎడమచేతి బ్యాటర్ రాగానే దిగడం, ఒకరిద్దరితో సరిపెట్టడం. 1999లో 65 మ్యాచ్‌లకు 32 ఇన్నింగ్సే! ఎడమచేతి పిచ్చర్ వేసే స్లైడర్ (పక్కకు తిరిగే బంతి) ఎడమచేతి బ్యాటర్‌కు దూరంగా జారిపోతుంది కాబట్టే ఆ పిలుపు. ఎదుటి జట్టు వెంటనే కుడిచేతి బ్యాటర్‌ను దింపితే ఎత్తు పారదు.

2020 నుంచి దిగిన పిచ్చర్ గాయమైతే తప్ప కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ అర ఇన్నింగ్స్ (ఒక జట్టు బ్యాటింగ్ వంతు) ముగించాలి. ఇక ఈ రికార్డు దాటడం కష్టమే.