ఊళ్లో అందరికీ టీకాలు పడితే, వేయించుకోనివాళ్లకు కూడా రక్షణ ఉన్నట్టేనా?

మీరు అడిగినవి రెండు. ఊళ్లో నూటికి తొంభై మంది కరోనా టీకా వేయించుకున్నాక మిగిలినవాళ్లు వేయించుకోకపోతే నష్టమేంటి? రెండు డోసులు పడినవాళ్లకీ జబ్బు వచ్చింది కదా, మరి హెర్డ్ ఇమ్యూనిటీ, అంటే ఎక్కువమందికి రక్షణ ఉంటే మిగిలినవాళ్లకూ జబ్బు అంటదన్నది, ఉత్త మాటేనా? నేను డాక్టర్ని కాను. తిరుపతి బస్టాండు దగ్గర మాకు చిన్న లాడ్జి ఉంది. 2021లో ఈ రెండు ప్రశ్నల మీదా మా ఇంట్లో రోజూ గొడవే.

మొదటిది మా తమ్ముడిది. "ఊరంతా ఏసుకుంటాంటే నా ఒక్కడితో ఏమవుతాదన్నా?" అనేవాడు. వాడిది మరీ పిచ్చి వాదన కాదు. జబ్బున్న ఒకరి నుంచి సగటున ముగ్గురికి అంటుకుంటుందనుకోండి. ఆ ముగ్గురిలో ఇద్దరికి రోగనిరోధక శక్తి ఉంటే ఇక ఒకరికే అంటుతుంది, జబ్బు పెరగదు. మొదట్లో వచ్చిన కరోనాకు దాదాపు ఇదే లెక్క. టీవీల్లో 60, 70 శాతం అని ఊదరగొట్టింది అందుకే. డెల్టా అనే కొత్త రకం కరోనా వచ్చేసరికి ఆ ముగ్గురు కాస్తా ఐదారుగురయ్యారు. ఆరుగురిలో ఐదుగురికి రక్షణ ఉండాలంటే 83 శాతం. పైగా కరోనా టీకా అందరికీ అంటుకోకుండా ఆపదు. పదిమందిలో ఏడుగురికి ఆపిందనుకున్నా, ఊరంతా వేయించుకున్నాక కూడా 70 దగ్గరే ఆగిపోతాం. తట్టు సంగతి వేరు. అది కరోనా కంటే ఘోరంగా అంటుకుంటుంది, కానీ దాని టీకా గట్టిది. 95 శాతం పిల్లలకు రెండు డోసులూ పడితే మిగిలినవాళ్లకు నిజంగానే కాపు ఉంటుంది.

అసలు 'ఊరు' అంటే ఎవరు? మా రిజిస్టరు తెరిస్తే నాకొచ్చే అనుమానం ఇదే. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి జనం మూడు లక్షల లోపే. మామూలు రోజుల్లో కొండకు వచ్చేవాళ్లే అరవై, డెబ్బై వేలు. వేలూరు, బళ్లారి, నాందేడ్, షోలాపూర్ అని వరసగా రాసుకుంటాం. పొద్దున ఖాళీ చేసిన గదిలోకి మధ్యాహ్నానికి ఇంకో రాష్ట్రం దిగుతుంది. మన వార్డులో ఎంతమందికి టీకా పడిందో సచివాలయంలో చెబుతారు, సరే. షోలాపూర్ లెక్క ఎవరు చెబుతారు? ఆ సెప్టెంబరులో టీటీడీ దర్శనానికి రెండు డోసుల సర్టిఫికెట్ గానీ, మూడు రోజుల లోపు నెగటివ్ రిపోర్టు గానీ ఉండాలని పెట్టింది. ఓటీపీ రాక మా కౌంటరు దగ్గర జనం పడిన అవస్థ అంతా ఇంతా కాదు. పక్కనున్న జెరాక్స్ షాపాయనకు మాత్రం బ్రహ్మాండమైన సీజన్.

తమ్ముడు చివరికి వేయించుకున్నది ఈ లెక్కలు విని కాదు. మా చిన్నమ్మకు కిడ్నీ మార్పిడి జరిగింది. కొత్త కిడ్నీని ఒళ్లు తోసేయకుండా ఆమె వేసుకునే మాత్రలు రోగనిరోధక శక్తిని అణిచిపెడతాయి. అందుకే అలాంటివాళ్లకు టీకా వేసినా అంతగా పనిచేయదు. "ఆమెకు వేయించండి. అంతకంటే ముందు ఆమెకు అన్నం తెచ్చేవాళ్లు వేయించుకోండి" అన్నారు డాక్టరు. రోజూ మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్లేది మా తమ్ముడే. ఆ మాట విన్నరోజు క్యారియర్ గేటు బయట పెట్టి, పదడుగులు వెనక్కి జరిగి, "చిన్నమ్మా, తీసుకో" అన్నాడట. మరుసటి వారం తనే వెళ్లి లైన్లో నిలబడ్డాడు.

రెండో ప్రశ్నకు జవాబు 2022 జనవరిలో దొరికింది. ఒమిక్రాన్ మా ఇంట్లో ఒక్కరినీ వదల్లేదు. అందరికీ రెండు డోసులు పడే ఉన్నాయి. షుగరున్న నాయనకు మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు చారన్నం అడిగాడు. అంతకుముందు మేలో, ఒక్క డోసూ పడని మా మేనమామ తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి, ఇంటికి రాలేదు. నాయన కంటే పదహారేళ్లు చిన్న. ఒమిక్రాన్ డెల్టా అంత భయంకరమైనది కాదు కాబట్టి గొప్పంతా టీకాదే అనను. కానీ పెద్ద పరిశోధనలు చెప్పిందీ ఇదే వైపు. వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు రక్తంలో కొన్ని నెలల్లో తగ్గుతాయి, వైరస్ కూడా రూపు మార్చుకుంటుంది, దాంతో మళ్లీ అంటుకుంటుంది. జబ్బును గుర్తుపెట్టుకునే కణాలు మాత్రం మిగిలే ఉంటాయి. అందుకే చాలామంది ఆస్పత్రి దాకా పోలేదు.

చిన్నమ్మకు ఆ జనవరిలో ఏమీ కాలేదు. అది టీకా పుణ్యమో, క్యారియర్ గేటు బయటే ఆగినందుకో నాకు తెలియదు. మేం పడకేసిన ఆ పది రోజులూ ఆమెకు అన్నం పెట్టింది పక్కింటివాళ్లు. వాళ్లకీ రెండు డోసులు పడ్డాయని తర్వాత తెలిసింది.