పట్టాల కంటే ముందు నేల

ప్రశ్న: ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద హెచ్‌ఓ స్కేల్ (అసలు సైజులో 87వ వంతు) మోడల్ రైలు పట్టాలు వేశాను. రైళ్లు ఇబ్బంది లేకుండా తిరుగుతున్నాయి. చెట్లు, ఇళ్లు, మనుషులు చాలానే కొని పెట్టాను. అయినా బల్ల మీద బొమ్మలు సర్దినట్టే ఉంది. ఇంకా ఏం కొనాలి?

జవాబు: ఇంకేమీ కొనకండి. మీ బల్ల మీద లేనిది నేల.

అసలు రైలు మార్గం ఎలా పుడుతుందో ఒకసారి తలచుకోండి. గుట్టలూ పల్లాలూ వాగులూ మొదటినుంచీ ఉన్నాయి, రైలు తర్వాత వచ్చింది. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. వంద మీటర్ల దూరంలో ఒక్క మీటరు లేచినా బరువైన రైలుకు అది కష్టమే. అందుకని ఎత్తున్న చోట తవ్వారు, పల్లమున్న చోట మట్టి పోసి కట్ట వేశారు, నీళ్లు పారే చోట తూమో వంతెనో పెట్టారు. పట్టా దాదాపు సమంగానే పోతుంది, పక్కనున్న నేలే పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉంటుంది. మీ దగ్గర ఇల్లు, చెట్టు, పట్టా అన్నీ ఒకే మట్టాన ఉన్నాయి. కంటికి తేడాగా తగులుతున్నది అదే.

కాబట్టి రంపం తీయండి. పట్టా కింద గట్టి ఆధారం ఉంచి, ఒకచోట దాని రెండు పక్కలా ప్లైవుడ్ కోసేసి నేలను దింపండి. నేనైతే లేఔట్ (పట్టాలు వేసిన బల్ల మొత్తం) ముందు అంచునే కోస్తాను, ఎందుకంటే చూసేవాళ్ల కన్ను మొదట పడేది అక్కడే. ఎంత దింపాలన్నది లెక్క వేసి తేల్చుకోవచ్చు. హెచ్‌ఓ అంటే 87వ వంతు. నాలుగు మీటర్ల కట్ట మీ బల్ల మీద 4.6 సెంటీమీటర్లు, ఆరు మీటర్ల కటింగ్ (పట్టా కోసం ఎత్తు నేలను తవ్విన దారి) దాదాపు 7 సెంటీమీటర్లు. మట్టి కట్ట నిలువుగా నిలబడదు. ఎత్తుకు ఒకటిన్నర నుంచి రెండింతల వెడల్పులో వాలు ఇవ్వండి. రాతి కటింగ్ అయితే దాదాపు నిటారుగా ఉండొచ్చు. ఈ తేడా ఒక్కటి పాటిస్తే చాలు, ఎక్కడ మట్టి, ఎక్కడ రాయి అన్నది రంగు వేయకముందే తెలిసిపోతుంది.

కొండకు థర్మాకోల్ పలకలు పొరలుగా అతికించి కత్తితో చెక్కండి. ఘాటు వాసన వచ్చే సాల్వెంట్ జిగుర్లు, చాలా రకాల స్ప్రే రంగులు దాన్ని కరిగించేస్తాయి, చెక్కపనికి వాడే తెల్ల పీవీఏ జిగురైతే భయం లేదు. పైన ప్లాస్టర్ బ్యాండేజీ గుడ్డ తడిపి పరిచి, దాని మీద పల్చగా ప్లాస్టర్ పూయండి. ఆ ప్లాస్టర్‌లోనే మట్టి రంగు పొడి కలపమని నేను అందరికీ చెబుతుంటాను. ఎప్పుడైనా పెచ్చు ఊడినా లోపల తెల్లగా కనబడదు.

కొండలో సొరంగం పెడుతుంటే, పైన మూసేయకముందు మీ దగ్గరున్న అతి పొడవైన బోగీని ఆ దారిలో చేత్తో తోసి చూడండి. వంపులో బోగీ కొసలు బయటికి, నడుము లోపలికి జరుగుతాయి. సొరంగం గోడకు తగిలేది అక్కడే. సొరంగంలో పట్టా తప్పిన బోగీని తీయడానికి వెనకనుంచో కిందనుంచో చెయ్యి పట్టేంత ఖాళీ తప్పకుండా ఉంచండి.

మీరు కొన్న చెట్లు వృథా కావు. పదిహేను మీటర్ల మామూలు చెట్టు హెచ్‌ఓలో 17 సెంటీమీటర్లు ఉంటుంది, రెడీమేడ్ చెట్లు చాలావరకు అందులో సగం కూడా ఉండవు. వాటిని వెనక్కి, కొండ మీదికి పంపితే దూరపు చెట్లవుతాయి. ముందు వరసకు రెండో మూడో పెద్ద చెట్లు మీరే చేసుకోండి. సన్నటి రాగి తీగలు మెలిపెడితే చక్కటి కొమ్మలు వస్తాయి.

ప్రశ్న: పట్టాల మధ్య కంకర పోసి జిగురు వేస్తే గుంటలు పడుతోంది. ఒక పాయింట్ (రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే కదిలే పట్టా) కదలకుండా బిగుసుకుపోయింది కూడా.

జవాబు: జిగురు బొట్టు పొడి కంకర మీద పడితే గుండ్రంగా నిలిచి రాళ్లను లాక్కుంటుంది. ముందు కంకరను మెత్తటి కుంచెతో సర్ది, స్లీపర్ల (పట్టాల కింది అడ్డ దిమ్మెల) మీద రాయి లేకుండా చూసుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను, లేదా రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపిన నీళ్లను సన్నటి తుంపరగా చల్లి బాగా తడపండి. ఆల్కహాల్ వాడితే కరెంటు తీసేసి, కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూడండి. తర్వాత పీవీఏ, నీళ్లు సమపాళ్లలో కలిపి డ్రాపర్‌తో వదిలితే దానంతటదే లోపలికి పాకుతుంది. ఒక రాత్రంతా ముట్టుకోకండి.

పాయింట్ కదిలే భాగాల కింద కంకర పోయనే కూడదు, ఆ మేర నేలకు కంకర రంగు వేసి వదిలేయండి. బిగుసుకున్న పాయింట్‌ను గోరువెచ్చటి నీళ్లతో తడిపి కాసేపయ్యాక మెల్లగా కదపండి, పీవీఏ మెత్తబడుతుంది. కంకర సైజు కూడా చూసుకోండి. అయిదు సెంటీమీటర్ల అసలు రాయి హెచ్‌ఓలో 0.6 మిల్లీమీటరు కూడా దాటదు. ముతక కంకర వేస్తే బండరాళ్లు పరిచినట్టుంటుంది.

ప్రశ్న: చూసి నేర్చుకోదగ్గ లేఔట్ ఒకటి చెప్పండి.

జవాబు: జాన్ అలెన్ లేఔట్. ఆయన వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్. కాలిఫోర్నియాలోని మాంటెరేలో తన ఇంట్లో గోరీ అండ్ డిఫీటెడ్ అనే హెచ్‌ఓ లేఔట్ కట్టాడు. కొండలు గది నేల నుంచే లేస్తాయి, వాటి లోయల మీదుగా రైళ్లు పోతాయి. అద్దాలు పెట్టి చోటును రెట్టింపు చేసి చూపించాడు. 1973 జనవరిలో ఆయన పోయాడు, కొద్ది రోజులకే ఆ లేఔట్ అగ్నికి ఆహుతైంది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. ఫొటోలు మిగిలాయి. వాటిలో రైళ్లను కాదు, పట్టా పక్కనున్న నేలను చూడండి.

ప్రశ్న: స్టాటిక్ గడ్డి (కరెంటు పరికరంతో నిలబెట్టే నైలాన్ పోగుల గడ్డి) వేశాను, తివాచీ పరిచినట్టుంది.

జవాబు: ఒకే పొడవు, ఒకే రంగు వాడి ఉంటారు. గడ్డి పరికరం అధిక వోల్టేజీతో నైలాన్ పోగులను నిలబెడుతుంది కాబట్టి అన్నీ సమంగా లేస్తాయి. ముందు 2 మిల్లీమీటర్ల పోగులు వేసి ఆరనివ్వండి. తర్వాత అక్కడక్కడ జిగురు అద్ది 4, ఆపైన కొన్నిచోట్ల 6 మిల్లీమీటర్లవి వేయండి. ఆకుపచ్చలో ఎండుగడ్డి రంగు కలపండి, మనుషులు నడిచే దారుల్లో మట్టి వదిలేయండి. రంగులు ఎంచుకునేది కూడా లేఔట్ మీద వెలిగే దీపం కిందే.